జింకలకు కంటి పరీక్షలు ఎప్పుడు?

మానవజాతి సాధించిన ఒక మహత్తర విజయానికి అడవిలో తీరని అవమానం జరుగుతోంది. చేస్తున్నది నాలుగు కాళ్ల ప్రాణి. దానికి వ్యాసాలు చదివే అలవాటు లేదు కాబట్టి ఈ మొర దాని చెవిన పడదని తెలుసు. అయినా ఎవరో ఒకరు నోరు విప్పాలి. వేటగాడు నెత్తి నుంచి బూట్ల దాకా ఆకులు, కొమ్మలు, బెరడు అచ్చొత్తిన కామోఫ్లాజ్ దుస్తులు వేసుకుని, మొహానికి మూడు రంగులు పులుముకుని, చెట్ల మధ్య చెట్టులా నిలబడతాడు. జింక ఆ కళాఖండాన్ని తేరిపార చూడనైనా చూడదు. ముక్కు పైకెత్తి గాలి పీలుస్తుంది, తోక ఎగరేస్తుంది, వెళ్లిపోతుంది. చూసి గుర్తుపట్టినా కొంత గౌరవంగా ఉండేది. వాసన చూసి తేల్చేయడం మాత్రం పరాభవమే.

ముందు నిందితురాలి కళ్ల సంగతి. మనిషి కంట్లో రంగులు పట్టే శంకు కణాలు మూడు రకాలు. జింక కంట్లో రెండే. ఒకటి నీలానికి, రెండోది ఆకుపచ్చ, పసుపులకు. ఎరుపు కోసం ప్రత్యేకంగా ఏ ఏర్పాటూ లేదు. 1990ల మొదట్లో అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయంలో తెల్లతోక జింకల కళ్లను పరికరాలతో పరీక్షించి మరీ ఈ సంగతి తేల్చారు. ఆకుపచ్చ, గోధుమ, నారింజ, తుప్పు అని మనం వేర్వేరు పేర్లు పెట్టుకున్న రంగులన్నీ దానికి ఇంచుమించు ఒకే కుటుంబం. చూపు చురుకుదనంలోనూ మనకంటే వెనకే. కాస్త దూరాన ఉన్న ఆకు మీది ఈనెలు దానికి ఆనవు.

ఇప్పుడు కంపెనీల కష్టం చూడండి. చిగురు వేసే కాలానికి ఒక జాకెట్టు, ఆకు ముదిరాక ఒకటి, రాలాక ఒకటి, మంచు పడ్డాక ఇంకొకటి. రెల్లుదుబ్బులకు వేరు, పైన్ చెట్లకు వేరు. బెరడు మీద పగుళ్లు, పగులులో నాచు, నాచు పక్కన ఎండుటాకు, ఆ ఎండుటాకుకు నీడ, అన్నీ ఫొటో తీసినట్టు అచ్చేస్తున్నారు. ఇంతా చేస్తే, చూడవలసిన జంతువు రంగుల పరీక్షలో తప్పింది, అక్షరాల పరీక్షలోనూ తప్పింది. నేరం చూపించినవాడిదా, చూడలేనిదానిదా?

ఆ ఈనెలు అసలు జింక కోసం వేసినవేనా అని గిట్టనివాళ్లు కొందరు అడుగుతున్నారు. వాళ్లకు చరిత్రతోనే జవాబు చెబుదాం. 1986 ఈ రంగానికి శుభ సంవత్సరం. ఆ ఏడే జార్జియా రాష్ట్రంలో బిల్ జోర్డాన్ రియల్‌ట్రీ అనే కామోఫ్లాజ్ కంపెనీ మొదలుపెట్టాడు, ఆ ఏడే మిసిసిపీలో టాక్సీ హాస్ మాసీ ఓక్ అనే ఇంకో కంపెనీ మొదలుపెట్టాడు. ఒకాయన తల్లిదండ్రుల ఇంటి ముందున్న ఓక్ చెట్టు బెరడును గీసుకున్నాడు. ఇంకొకాయన గుప్పెడు ఆకులు, పుల్లలు, మట్టి పట్టుకెళ్లి, ఇలా ఉండే గుడ్డ కావాలన్నాడు. చెట్టును సంప్రదించారు, మట్టిని సంప్రదించారు. జింకను మాత్రం ఎవరూ కూర్చోబెట్టి అడగలేదు. దుకాణానికి వచ్చేది అది కాదు కదా.

దుకాణానికి వచ్చేవాడు హ్యాంగరుకు వేలాడే జాకెట్టును బారెడు దూరం నుంచి చూస్తాడు. అబ్బ, ఆకు అచ్చం ఆకే, అనుకుంటాడు. ఆ దూరంలో నిజంగానే ఆకే. కానీ వేటలో జింక బారెడు దూరానికి వచ్చి నిలబడి బట్ట నాణ్యత చూసే ఆచారం లేదు. దూరం పెరిగేకొద్దీ ఆకులూ ఈనెలూ ఒకదాన్లో ఒకటి కలిసిపోయి, రెండు కాళ్లు, రెండు భుజాలు, ఒక తల ఉన్న ఒకే ముదురు ముద్ద మిగులుతుంది. ఆకారాన్ని దూరం నుంచి చెడగొట్టాలంటే లేతవీ ముదురువీ పెద్ద పెద్ద మచ్చలు కావాలి. పెద్ద మచ్చలు హ్యాంగరు మీద అందంగా ఉండవు.

ఈ లోపం సరిదిద్దడానికి ఒక ప్రయత్నం జరిగింది. 2000ల చివర్లో గోర్ సంస్థ జే నైట్జ్ అనే దృష్టి శాస్త్రవేత్తనూ, సైన్యానికి మరుగురంగులు సమకూర్చిన టిమోతీ ఓనీల్‌నూ కలుపుకుని ఆప్టిఫేడ్ అనే నమూనా తెచ్చింది. జింక కంటికి ఏం ఆనుతుందో ముందు లెక్కేసి, ఆ తర్వాత గీశారు. ఫలితంగా అందులో చెట్టు లేదు, ఆకు లేదు, చిన్నవీ పెద్దవీ కలిసిన గడులున్నాయి. శాస్త్రం సరే. గోడ మీద ఫొటోలో చూసుకుంటే అడవిలో ఉన్నట్టే అనిపించదే! ఆకు లేని దాన్ని అడవి బట్ట అని నమ్మమంటే వేటగాడి మనసు ఎలా ఒప్పుతుంది?

ఇక ప్రభుత్వాలు చేసిన ద్రోహం. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో తుపాకితో జింకల వేటకు వెళ్లేవాడు కళ్లు జిగేల్మనే నారింజ రంగు తొడుక్కోవాలని చట్టం ఉంది. కొలరాడోలో నడుము పైభాగాన కనీసం 500 చదరపు అంగుళాలు, నెత్తికి టోపీ అదనం. విస్కాన్సిన్‌లో నడుము పైన కనబడే బట్టలో కనీసం సగం. 2016లో అక్కడ గులాబీ రంగుకూ అనుమతి ఇచ్చారు. కాబట్టి వేటగాడు ఆకుల జాకెట్టు కొని, నాచు కూడా కుదిరిందని మురిసి, దాని మీద మైలు దూరానికి కనబడే నారింజ చొక్కా తగిలించుకుని అడవిలోకి నడుస్తాడు.

కారణం సున్నితమైనది. అడవిలో వేటగాడికి ప్రాణగండం జింక వల్ల కాదు, అవతలి పొదలోని సాటి వేటగాడి వల్ల. అతనికి మూడు రకాల శంకు కణాలూ ఉన్నాయి, లేనిది ఓపికే. కామోఫ్లాజ్ పనిచేయదని ఎవరన్నారు? బ్రహ్మాండంగా పనిచేస్తుంది. దాని దెబ్బకు పూర్తిగా బోల్తాపడే జంతువు ఒకటుంది. ఆ జంతువు చేతిలో తుపాకి ఉండటమే చిక్కు.

నారింజ రంగుకు నల్లటి కొమ్మలు అతికించి నారింజ కామోఫ్లాజ్ కూడా అమ్ముతున్నారు. ఒకేసారి కనబడాలి, కనబడకూడదు. వేదాంతులు తలలు పట్టుకోవలసిన ప్రశ్నను జిప్పు వేసి తేల్చేశారు. కొలరాడో లాంటి కొన్ని రాష్ట్రాల్లో మాత్రం అధికారులకు వేదాంతం రుచించక, కొమ్మల్లేని నారింజే కావాలంటున్నారు.

జింక ఇక్కడ కూడా సహకరించదు. మనకు కళ్లు చెదిరే నారింజ దానికి మబ్బు పట్టిన పసుపో, మట్టి రంగో. నారింజ చొక్కాలవాళ్లు ఏటా జింకలను కొడుతూనే ఉన్నారు. వాళ్ల తాతలు ఎరుపు నలుపు పెద్ద గళ్ల ఉన్ని చొక్కాలు వేసుకుని, అందులోనే చుట్ట కూడా కాల్చుకుంటూ కొట్టారు. పులి సంగతి సరేసరి. అది ఏ దుకాణం మెట్లూ ఎక్కలేదు. క్షీరదాలకు ఆకుపచ్చ బొచ్చు పుట్టదు కాబట్టి నారింజతో సరిపెట్టుకుంది. దానికి ఆహారమయ్యే జింక కంటికి ఆ నారింజ పచ్చదనంలో కలిసిపోతుందని 2019లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కలతో చూపించారు. చట్టప్రకారం నారింజ కోటు, దాని మీద నల్లచారలు. కొలరాడో అధికారులు పులిని ఆపితే చారల విషయంలోనే ఆపాలి.

ఇంత మసక కళ్లకూ ఒక మహా కుట్ర తెలుసు. నీలం దానికి మనకంటే బాగా ఆనుతుంది. మన కంటి కటకం అడ్డుకునే అతినీలలోహిత కాంతిలో కొంత దాని కంట్లోకి దిగుతుంది. బట్టలు తళతళలాడటానికి సబ్బుపొడుల్లో కలిపే పదార్థాలు చేసే పనేమిటంటే, ఆ కనబడని కాంతిని పీల్చుకుని నీలంగా బయటికి చిమ్మడం. వేటగాడు నాచూ బెరడూ ఉన్న జాకెట్టును శ్రద్ధగా అలాంటి పొడితో ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, తెల్లవారుజామున అడవికి వెళ్తే, జింక ముందు నీలంగా వెలిగే ఓక్ చెట్టు ఒకటి వచ్చి కూర్చుంటుంది. దీనికీ మందుంది, వేరే సబ్బు అమ్ముతారు. సబ్బు చేసిన పాపం కడగడానికి ఒక పిచికారీ కూడా అమ్ముతారు. ఆ పైన నీలం జీన్స్ వేసుకొచ్చినవాడికి మాత్రం మందు లేదు.

రంగుల గొడవంతా ఒప్పుకున్నా, అసలు అన్యాయం కదలికలో ఉంది. జింక కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. మెడ తిప్పకుండానే సుమారు 300 డిగ్రీలు చూస్తుంది. బొమ్మ మసకగానే ఉండనీ, అందులో ఏదైనా కదిలిందంటే చాలు, చెవులు అటు తిరుగుతాయి. సందేహం వస్తే తల దించి గడ్డి మేస్తున్నట్టు నటిస్తుంది. వేటగాడు ఊపిరి వదిలి ముక్కు గోక్కోగానే చటుక్కున తలెత్తుతుంది. కాలితో నేల తంతుంది. ఇది పచ్చి మోసం. మనిషి మోసం చేయాలంటే అంత ఖర్చుపెట్టి జాకెట్టు కొనాలి, దీనికి మెడ వంచితే చాలా? జాకెట్టుకు పదిహేను జేబులు, ప్రతి జేబుకూ చర్రుమని ఊడే పట్టీ పెట్టింది కూడా ఇలాంటి నిశ్శబ్దంలో తెరవడానికే కాబోలు.

ముక్కు గురించి మాట్లాడాలంటే నాకు దుఃఖం ఆగదు. గాలి వేటగాడి వీపు మీంచి జింక వైపు వీస్తుంటే, ఆయన ఒంటి మీద ఎన్ని ఆకులున్నాయన్నది అడవికి సంబంధించిన విషయం కాదు. రాత్రి తిన్నదీ, పొద్దున తాగిందీ, బండిలో పోసిన పెట్రోలూ, అన్నీ వివరంగా ముందే చేరిపోతాయి. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఆయన మాత్రం తనెవరికీ కనబడటం లేదనే ధీమాలో ఉంటాడు. అనుభవమున్నవాళ్లు గాలివాటం చూసుకుని, చెట్టు మీద మంచె కట్టుకుని, కదలకుండా కూర్చుంటారు. కొందరు చిన్న సీసాలోంచి పొడి వదిలి గాలి ఎటు పోతోందో చూస్తారు. ఆ సీసా మీద ఆకుల బొమ్మ లేకపోతే నేరమేమీ కాదు, అయినా అది ఉన్న సీసాలు దొరుకుతున్నాయి.

న్యాయంగా మాట్లాడాలి కాబట్టి టర్కీ కోళ్ల తరఫున నాలుగు మాటలు. ఆదర్శ ప్రేక్షకులంటే అవే. పక్షుల కంట్లో రంగుల శంకు కణాలు నాలుగు రకాలు, మనకంటే ఒకటి ఎక్కువే. వాసన మాత్రం అంతంతే. వాటి వేటకు మొహం, చేతులతో సహా కప్పుకోవడంలో నిజంగానే అర్థముంది. ఆ వేటకు ఎరుపు, తెలుపు, నీలం వేసుకోవద్దని అనుభవజ్ఞులు చెబుతారు. మగ కోడి తల మీద ఉండే రంగులు అవే కావడం వల్ల, మళ్లీ ఆ పక్క పొదలోని మూడు శంకు కణాలవాడు తొందరపడే ప్రమాదముంది.

పూర్వం ఈ సమస్యను ఇంకోలా పరిష్కరించినవాళ్లున్నారు. 1830లలో జార్జ్ కాట్లిన్ అమెరికా మైదానాల్లో తిరుగుతూ వేసిన బొమ్మల్లో ఒకటి ఉంది. ఆదివాసీ వేటగాళ్లు తోడేలు చర్మాలు కప్పుకుని, చేతుల మీదా మోకాళ్ల మీదా అడవిదున్నల మంద వైపు పాకుతుంటారు. దున్నలు వాళ్లను చక్కగా చూస్తున్నాయి. ఒకటో రెండో తోడేళ్లు మందకు కొత్త కాదు కాబట్టి పట్టించుకోవడం లేదు. కనబడకుండా పోవాలన్న పట్టుదలే వాళ్లకు లేదు. అలాంటి పద్ధతి మనకు పనికిరాదు. మోకాళ్ల మీద పాకాలి, పైగా తోడేలుకు జేబులుండవు.

ఇంత చదివాక కూడా, కొనేవాడి కంటికి నచ్చితే చాలదా అనే వాదన మీద అనుమానం మిగిలితే, ప్రభుత్వాలే ఆ వాదనను ఎంతగా గౌరవించాయో చూడండి. అమెరికా సైన్యం 2004లో అడవికీ, ఎడారికీ, ఊరికీ ఒకటే సరిపోతుందని బూడిద పచ్చ గడుల యూనిఫాం తెచ్చి దానికి యూనివర్సల్ అని పేరు పెట్టింది. అది ఎక్కడా కలిసిపోలేదు. ఖర్చు సుమారు 500 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. 2015 నుంచి వేరే నమూనాకు మారారు. అఫ్గాన్ సైన్యం కథ ఇంకా ముచ్చటైనది. రక్షణ మంత్రికి నచ్చిందని అడవి నమూనా ఎంచుకున్నారు. ఆ దేశంలో అడవి 2.1 శాతం. ఆ ముచ్చటకు అదనంగా 2.8 కోట్ల డాలర్ల దాకా వృథా అయి ఉండొచ్చని అమెరికా ప్రభుత్వ తనిఖీ అధికారి 2017లో నివేదిక ఇచ్చారు. మిగతా 97.9 శాతంలో ఆ సైనికులు చాలా పచ్చగా ఉన్నారన్నమాట. మంత్రిగారి అభిరుచిని తప్పుపట్టే ముందు, అడవులు పెంచకపోవడం ఎవరి తప్పో కూడా విచారించాలి.

కాబట్టి నా డిమాండ్లు ఇవి. సీజను మొదలయ్యే ముందు ప్రతి జింకకూ కంటి పరీక్ష జరిపి, ఎరుపు గుర్తుపట్టలేనివాటిని వేటకు అనర్హంగా ప్రకటించాలి. ముక్కు వాడకాన్ని అనుచిత పోటీగా గుర్తించాలి. గాలి దిశ మార్చే అధికారం లైసెన్సుతో పాటే ఇవ్వాలి. ఈలోగా కంపెనీలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆకులు అచ్చేసిన సోఫాలు, ఊయల బట్టలు, పెళ్లిగౌన్లు ఇప్పటికే వచ్చేశాయి. లోదుస్తుల మీద కూడా అదే బెరడు, అదే నాచు. వేటగాడు ఆ అవతారంలో జింక కంటపడే సందర్భం ఏమై ఉంటుందో అట్ట మీద రాయలేదు గానీ, చెట్టుకు తగ్గ రంగు చూసుకుని కొనమని మాత్రం రాశారు.