పేరు పెట్టేదాకా ఆ పురుగు లెక్కలోకి రాదు

సముద్రగర్భంలోని వేడినీటి బుగ్గల దగ్గర కొత్త పురుగు దొరికిందని వార్త వస్తే ఫొటో చూసి అబ్బురపడతాం. దానికి పేరు పెట్టడానికి ఎన్నేళ్లు పట్టిందో అడగం. అడగాల్సింది అదే.

1977లో పసిఫిక్ మహాసముద్రంలోని గలపాగోస్ దీవుల దగ్గర, సుమారు 2,500 మీటర్ల లోతుకు ఆల్విన్ జలాంతర్గామిలో దిగినవారికి ఎండ పొడ సోకని చోట జీవరాశి కిక్కిరిసి కనిపించింది. అక్కడి గొట్టపు పురుగు రిఫ్టియాకు నోరు లేదు, పేగు లేదు. ఒంట్లో కాపురముండే బ్యాక్టీరియానే దాన్ని పోషిస్తుంది. 1981లో దానికి పేరు పెట్టారు. 1985లో దాని బంధుగణానికంతటికీ ఒక కొత్త వర్గాన్నే ప్రతిపాదించారు. తీరా డీఎన్‌ఏ పరీక్షలు చూస్తే, అది వానపాములు, జలగలు ఉండే వర్గానిదేనని తేలింది!

ఒక జాతిని వర్ణించడమంటే ఓపికకు పరీక్షే. నమూనాలను నిల్వచేసే ఫార్మలిన్ ద్రావణం ఆకారాన్ని నిలుపుతుంది కానీ డీఎన్‌ఏను పాడుచేస్తుంది. అందుకే చిన్న ముక్కను ముందే కోసి ఆల్కహాల్‌లో వేస్తారు. తర్వాత సూక్ష్మదర్శిని కింద పురుగు ఒంటి ఖండితాలు లెక్కపెట్టాలి, పక్కకాళ్ల మీది శూకాల (గట్టి వెంట్రుకల) కొనలు ఎలా ఉన్నాయో బొమ్మ గీయాలి, మ్యూజియంలోని పాత నమూనాలతో పోల్చాలి. రంగును నమ్ముకుంటే మోసపోతాం. 2020లో వర్ణించిన, గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ మెరుపు దుస్తులను గుర్తుచేసే తళుకు పొలుసుల 'ఎల్విస్ పురుగు'ల్లో ఒకే జాతిలో నీలివీ ఉన్నాయి, గులాబీవీ ఉన్నాయి. చివరికి ఒక నమూనాను ఆ జాతికి ప్రమాణంగా మ్యూజియంలో భద్రపరుస్తారు.

ఇంత శ్రమ ఎందుకంటారా? అదే బుగ్గల దగ్గర బతికే ఒక నత్తను చూడండి. పాదానికి ఇనుప పొలుసులున్న ఆ నత్త హిందూ మహాసముద్రంలో 2001లో కనిపించింది. శాస్త్రీయ వర్ణన 2015లో గానీ రాలేదు. 2019లో, గనుల తవ్వకం ముప్పు కారణంగా అంతరించే ప్రమాదమున్న జీవిగా అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్రజాబితాకెక్కింది. కనిపించినప్పటి నుంచి వర్ణన వచ్చేదాకా, ఆ పద్నాలుగేళ్లూ శాస్త్రీయంగా పేరు లేకుండా ఉండిపోయింది.

బుగ్గల చుట్టూ పేరుకున్న సల్ఫైడ్ (గంధకం, లోహాలు కలిసిన ఖనిజం) దిబ్బల్లో రాగి, జింకు, బంగారం ఉన్నాయి. వాటి అన్వేషణకు అంతర్జాతీయ సముద్రగర్భ ప్రాధికార సంస్థ ఇప్పటికే ఒప్పందాలు ఇచ్చింది. పర్యావరణ నివేదికలో పేరు లేని పురుగు ఒక సంఖ్యగానే మిగులుతుంది. నౌకాయాత్రలకు నిధులిచ్చేవారు, తెచ్చిన నమూనాలను సూక్ష్మదర్శిని ముందు కూర్చుని చదివే మనిషి జీతాన్ని కూడా అదే పద్దులో రాయాలి. లేకపోతే సీసాల్లోని పురుగులు వాటి వంతు వచ్చేదాకా అలమారల్లోనే ఉండిపోతాయి. ఈలోగా తవ్వకం యంత్రాలు వాటి బుగ్గల మీదికి దిగవచ్చు.