లీక్ హెచ్చరిక అబద్ధమని కొట్టిపారేసే ముందు

ఇందుకూరుపేట దగ్గరో కొత్తపట్నం దగ్గరో రొయ్యల గుంట గట్టున, నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లను నడిపే కంట్రోలర్ ఉందనుకుందాం. కోడ్ సీ భాషలో ఉంది. గ్లోబల్ ఫ్లాగ్ (ప్రోగ్రామ్‌లో ఎక్కడి నుంచైనా మార్చగల ఆన్/ఆఫ్ గుర్తు) ఆన్‌లో ఉంటే, మెమరీ అడిగి తెచ్చే మాలాక్‌తో 64 బైట్ల ప్యాకెట్ తీసుకుని ఆక్సిజన్ రీడింగ్ పెడుతుంది. తర్వాత లైబ్రరీ ఫంక్షన్‌తో మోడెమ్‌ను నిద్రలేపి, బైట్లు ఒక్కొక్కటే పంపి, చివర్లో మళ్లీ అదే ఫ్లాగ్ చూసి ఆ మెమరీని ఫ్రీ చేస్తుంది, అంటే తిరిగి ఇచ్చేస్తుంది. చదివితే తప్పేమీ కనిపించదు. కోడ్‌ను నడపకుండానే చదివి తప్పులు వెతికే క్లాంగ్ స్టాటిక్ ఎనలైజర్ మాత్రం లీక్ అంటుంది, అంటే తీసుకున్న మెమరీ తిరిగి ఇవ్వకుండా పోతోందని.

ఎందుకంటే ఆ లైబ్రరీ ఫంక్షన్ లోపల ఏముందో దానికి కనిపించదు. అది గ్లోబల్‌ను మార్చి ఉండొచ్చని లెక్కేసుకుంటుంది. మొదట ఆన్, చివర్లో ఆఫ్ అయితే ఫ్రీ జరగదు కదా! (ఆ ఫంక్షన్‌కు ప్యాకెట్ అడ్రస్ ఇచ్చి ఉంటే, బాధ్యత అటు పోయిందనుకుని నోరెత్తేది కాదు.)

ఇక్కడ సప్రెస్ కొట్టేస్తే, అంటే హెచ్చరిక నోరు నొక్కేస్తే, పని అయిపోయినట్టే ఉంటుంది. కానీ ఆ ఫ్లాగ్‌ను ఇంటరప్ట్ (నడుస్తున్న కోడ్‌ను మధ్యలో ఆపి దూరే కోడ్) మారుస్తుంటే టూల్ చెప్పిందే నిజం. 20 కేబీ ర్యామ్ ఉన్న చిప్‌లో నిమిషానికి 64 బైట్లు కారితే, ర్యామ్ మొత్తం ఖాళీగా ఉందనుకున్నా 320 నిమిషాలే. రాత్రి పదికి మొదలైతే మూడున్నర లోపే కంట్రోలర్ ఆగుతుంది. గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోయేది ఆ తెల్లవారుజామునే.

అబద్ధపు హెచ్చరిక, నిజమైన లీక్, ఈ రెండు బాధలకూ మందు ఒకటే: పాయింటర్‌ను (మెమరీ అడ్రస్ దాచే చోటు) నల్‌తో, అంటే ఏ అడ్రస్సూ లేకుండా, మొదలుపెట్టి, చివర్లో ఏ షరతూ లేకుండా ఫ్రీ చేయండి. నల్‌ను ఫ్రీ చేస్తే ఏమీ కాదని సీ ప్రమాణమే చెబుతోంది.

సొంత ఎర్రర్ ఫంక్షన్ ప్రోగ్రామ్‌ను ఆపేసేదైతే దానికి నోరిటర్న్ (తిరిగి రాదు) అనే గుర్తు పెట్టాలి. లేకపోతే టూల్ ఆ తర్వాతి దారి కూడా నడిచి లేని లీక్ చూపిస్తుంది. అసర్ట్‌లు (షరతు తప్పితే ప్రోగ్రామ్‌ను ఆపేసే తనిఖీలు) మాయమయ్యే రిలీజ్ బిల్డ్‌ను కాకుండా డీబగ్ బిల్డ్‌నే పరీక్షించాలి. మాలాక్‌కు సొంత ర్యాపర్లు (దాన్ని లోపల పిలిచే ఫంక్షన్లు) ఉంటే, ఏది మెమరీ ఇస్తుందో ఏది విడుస్తుందో, సీపీపీచెక్ అనే మరో తనిఖీ టూల్‌కు కాన్ఫిగ్ ఫైల్‌లో, జీసీసీ కంపైలర్ 11 నుంచి అయితే మాలాక్ యాట్రిబ్యూట్‌లో జతగా రాయొచ్చు.

ఇవన్నీ అయ్యాక కూడా మిగిలితే, ఆ ఒక్క లైనుకే, కారణం రాసి సప్రెస్ చేయండి. ఫైల్ మొత్తానికి మాత్రం వద్దు.

తీసుకున్న మెమరీ సైజు మార్చే రీఅలాక్ ఫలితాన్ని నేరుగా పాత పాయింటర్‌లోనే వేసినప్పుడు వచ్చే హెచ్చరికను చాలామంది అబద్ధాల ఖాతాలో వేస్తారు. ఆ హెచ్చరిక నిజమైనదే. రీఅలాక్ విఫలమైతే నల్ వస్తుంది, పాత బ్లాక్ అడ్రస్ పోతుంది. ఫలితాన్ని వేరే పాయింటర్‌లో తీసుకుని, నల్ కాదని చూశాకే పాతదాని స్థానంలో పెట్టాలి.