ఒక్క పోరడు, నాలుగు నివేదికలు

హైదరాబాదులో బాలనేరాల మీద పనిచేసే సంస్థల మధ్య సమన్వయం లేదని కొందరు గొణుగుతున్నారు. పచ్చి అబద్ధం. సోమాజిగూడ ప్రెస్‌క్లబ్‌లో రౌండ్‌టేబుల్ పెడితే అందరూ వస్తారు. ఫ్లెక్సీ మీద లోగోల సైజు దగ్గర తప్ప ఎక్కడా పేచీ రాదు. శాలువాలకు కొరత వస్తుందేమో గానీ ఐక్యతకు రాదు.

ఎంత ఐక్యతంటే, ఒక్క పోరణ్ణి నలుగురూ పంచుకోగలరు. చాంద్రాయణగుట్ట వైపు ఓ పదహారేళ్లవాడు సెల్‌ఫోన్ లాక్కొని పరిగెత్తుతూ దొరికాడనుకోండి. స్నాచింగ్‌కు గరిష్ఠ శిక్ష 3 ఏళ్లే కనుక 2015 నాటి బాలల న్యాయ చట్టం లెక్కలో ఇది చిన్న నేరం. పెద్దవాళ్లతో కలిసి చేసింది కాకపోతే ఎఫ్‌ఐఆర్ ఉండదు, పోలీస్ స్టేషన్ రోజువారీ పుస్తకమైన జనరల్ డైరీలో రాసుకుంటారు. లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుంచాలి. విచారణ 4 నెలల్లో ముగియాలి, పొడిగిస్తే మరో 2 నెలలు. అప్పటికీ తేలకపోతే కేసు అక్కడితో సరి.

వాడు సైదాబాద్‌లోని బాలుర అబ్జర్వేషన్ హోమ్ నుంచి జామీను మీద ఇంటికొచ్చాడు. ఒక సంస్థ కౌన్సెలింగ్ చేసి ‘1’ అని రాసుకుంది. రెండోది మొబైల్ రిపేరింగ్ ట్రైనింగ్‌లో పేరెక్కించి (సెల్‌ఫోన్ మీద మక్కువ ఉందిగా!) ఇంకో ‘1’. మూడోది బడి మానేసినవాళ్ల సర్వేలో, నాలుగోది ఇంటికెళ్లి పలకరించి. మూణ్ణెల్ల నివేదికలు కలిపి చూస్తే నలుగురు బాలురు బాగుపడ్డారు. ఉన్న ఒక్కడూ వాయిదాకు పోలేదు. తల్లి వెంట వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. తోడు వెళ్లేది మీరే అనుకున్నామని నాలుగు సంస్థలూ అన్నాయి. పదిమంది చేతిలో పడ్డ పాము చావదంటారు. ఇక్కడున్న సౌకర్యం ఏమిటంటే, చచ్చిందని పదిమందీ రాసుకోవచ్చు.

నెలవారీ సమావేశానికి మొదట డైరెక్టర్ గారు వస్తారు, తర్వాత కోఆర్డినేటర్, మూడోసారి నిన్నగాక మొన్న చేరిన అమ్మాయి. పోరడికి చనువైన ఫీల్డ్ వర్కర్‌ది 11 నెలల కాంట్రాక్టు. పోతూ సిమ్ కూడా పట్టుకుపోతాడు. తల్లి దగ్గరున్నది ఆ నంబరే.

వాయిదా ఎప్పుడని పక్క సంస్థ అడిగితే బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్, గోప్యత అంటారు. సర్టిఫికెట్ అందుకుంటున్న వాడి ఫొటో మాత్రం వాట్సాప్ గ్రూపులో పడుతుంది. బాలుడి గుర్తింపు బయటపెడితే 6 నెలల దాకా జైలో, 2 లక్షల దాకా జరిమానానో, రెండూనో అని రాసున్నది కూడా ఆ సెక్షన్‌లోనే.

ఈ చక్కటి ఏర్పాటును చెడగొట్టడానికి ఓ ప్రతిపాదన వచ్చింది. ఒక్కో పోరడికి బాధ్యుడిగా ఒక పేరు, ఆయన లేనప్పుడు వెళ్లే రెండో పేరు. ఒక సంస్థ ఇంకో సంస్థకు పోరణ్ణి పంపేటప్పుడు రాసే రెఫరల్ స్లిప్పు మూడు కాపీలు: పంపినవాళ్లకు, అందుకున్నవాళ్లకు, ఇంటికి. అందిందని 48 గంటల్లో ఫోను. నంబరు మనిషిది కాదు, సంస్థది. వాయిదా రోజు తల్లి కూలికి కాస్త ఉమ్మడి డబ్బు. అన్నిటికన్నా ఘోరం, ఒక పోరణ్ణి ఒక్క సంస్థే లెక్కించాలట! అంకెలు నాలుగో వంతుకు పడితే దాతలకు ఏ ముఖం చూపించాలి?

పరిశీలనకు ఉపసంఘం వేశారు. తొలి సమావేశం వచ్చే గురువారం, అందరూ తప్పక రావాలి. పోరడి తర్వాతి వాయిదా కూడా గురువారమే.