సాకరిన్ గారికి, చేతులు కడుక్కొని రాయునది

చక్కెర కాకపోయినా చక్కెర వేషం కట్టే కృత్రిమ తీపి, మహారాజశ్రీ సాకరిన్ గారి సముఖమునకు, ఒంట్లో షుగర్ ఉన్నందువల్ల షుగర్ లేనివే తినవలసి వచ్చిన అభాగ్యుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అందామంటే, తమరి కుశలమే తప్ప నాది ఏమంత బాగాలేదు.

చిన్నప్పుడు చేతులు కడుక్కోకుండా కంచం ముందు కూర్చుంటే మా అమ్మ వీపు విమానం మోత మోగించేది. 1879లో అమెరికాలోని బాల్టిమోర్‌లో కాన్‌స్టాంటిన్ ఫాల్‌బెర్గ్ అనే రసాయనవేత్తకి అలా చెప్పేవాళ్ళు లేకపోయారు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో, రెమ్సెన్ ప్రొఫెసరు గారి ప్రయోగశాలలో, బొగ్గు తారు నుంచి తీసిన రసాయనాలతో పగలంతా కుస్తీ పట్టి, ఆ చేతులతోనే ఇంటికెళ్ళి రొట్టె విరుచుకున్నాడు. రొట్టె తియ్యగా ఉంది! మనమైతే హడలిపోయి ఆసుపత్రికి పరుగెత్తేవాళ్ళం. ఈయన ప్రయోగశాలకు పరుగెత్తి, బల్ల మీదున్న గిన్నెలన్నీ వరసగా రుచి చూశాడు. అలా తమరు అవతరించారు. పేటెంటు ఫాల్‌బెర్గ్‌కీ, కోపం రెమ్సెన్‌కీ దక్కాయి.

మీ కృత్రిమ తీపి వంశమంతా ఎంగిలి వంశమే. 1937లో సైక్లమేట్: బల్ల అంచున పెట్టిన సిగరెట్టును మళ్ళీ నోట్లో పెట్టుకున్న ఇలినాయ్ విద్యార్థి చలవ. 1965లో ఆస్పర్టేమ్: అల్సర్ మందు కోసం తంటాలు పడుతున్న రసాయనవేత్త, కాగితం తీయడానికి మన కొట్టు గుమస్తాలా వేలు తడుపుకున్నాడు. 1976లో లండన్‌లో సుక్రలోజ్ సంగతి మరీ ముద్దొస్తుంది. ప్రొఫెసరు 'టెస్ట్' చెయ్యమంటే మన శశికాంత్ ఫడ్నీస్ 'టేస్ట్' చెయ్యమన్నారనుకున్నాడు. ఎత్వానికి దీర్ఘం తగిలిందంతే, కొత్త వ్యాపారం లేచి కూర్చుంది.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, తమరికి పాకం వచ్చునా? కాండీ అనే మాటే మన 'ఖండ'. ఫార్సీ, అరబ్బీల మీదుగా సీమకెళ్ళి కోటు తొడుక్కొచ్చింది. కలకండలో మాత్రం ఇంకా పంచెకట్టుతోనే ఉంది. చక్కెర మరిగి, తీగపాకం దాటి, నీళ్ళలో వేస్తే టంగుమనే ముదురుపాకానికి వస్తేనే బిళ్ళ. దానికి తీపీ అదే, ఒళ్ళూ అదే. తమరేమో చక్కెరకు సుమారు 300 రెట్లు తీపి, కాబట్టి పట్టేది రవ్వంత. రవ్వంతతో బిళ్ళెలా నిలబడుతుంది? అందుకని ఒళ్ళు నింపడానికి మాల్టిటాల్ అనే అద్దె మనిషిని పిలుస్తారు. ఆయన పేగుల్లో పూర్తిగా అరగడు. పైగా ఒంట్లో నీళ్ళన్నీ తన దగ్గరికి లాక్కుంటాడు.

ఈ సంగతి నేను కొన్న షుగర్ లేని బిళ్ళల పొట్లం వెనక చీమ తలకాయంత అక్షరాల్లో రాసే ఉందిట. కళ్ళద్దాలు పెట్టుకోలేదు. షుగర్ లేదు కదా అని మొన్న రాత్రి పన్నెండు బిళ్ళలు లాగించాను.

తెల్లారేలోగా నేను చేతులు కడుక్కున్నన్ని సార్లలో ఒక్కసారైనా ఆ ఫాల్‌బెర్గ్ కడుక్కుని ఉంటే, తమరు పుట్టేవారే కాదు.

ఇట్లు,
బాత్రూము గడపలోంచి,
తమ విధేయుడు