వయసు గడి గారికి, 47వ ఇంటి నుంచి

మహారాజశ్రీ సర్వే షెడ్యూలు రెండో పేజీ, ఆరో కాలమ్, "వయసు (నిండిన సంవత్సరాల్లో)" గడి గారి సముఖానికి,

నమస్కారాలు. తమరు క్షేమమేనని తెలుసు. రెండంకెలు పట్టే చోటు, చుట్టూ నల్లగీత, ఎండావానా లేని కాగితం బతుకు. నా సంగతే బాగాలేదు. నిన్న మా ఫీల్డ్‌వర్క్ నివేదిక దిద్దుబాటు ముగిసి చేతికొచ్చింది. 47వ ఇల్లు, మూడో వరుస, సరిగ్గా తమ పక్కనే ఎర్ర సిరాతో ఇలా ఉంది: "పునఃపరిశీలనలో 65. తేడా 3." దాని కింద రెండు మార్కుల కోత.

తమలో నేను రాసింది 68. అది రాయడానికి నాకు ఒక ఆదివారం మధ్యాహ్నం మొత్తం పట్టింది. తనిఖీకి వెళ్లిన సీనియర్‌కు ఆ 65 రాయడానికి రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. రెండు నిమిషాలవాడు ఒప్పు, మూడు గంటలదాన్ని నేను తప్పు. ఈ న్యాయం ఏ పాఠ్యపుస్తకంలో ఉందో సెలవిస్తే ఆ పేజీ చింపి దాచుకుంటాను.

దివిసీమలో ఒక ఊరు. పేరు రాయను. వివరాలు గోప్యంగా ఉంచుతామని తొలి పేజీలోనే ప్రమాణం చేశాం, తమరూ విన్నారు. అరుగు మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మామ్మగారు కూర్చున్నారు. పేరు చెప్పారు, చదువు లేదన్నారు. తమ దగ్గరికి వచ్చేసరికి, "కార్డులో ఉందిగా అమ్మాయ్, అరవై అయిదు రాసుకో" అన్నారు. నేను రాసుకుని పోవలసింది. కానీ కార్డు చూసి ఎక్కించవద్దని, అడిగి సరిచూడాలని మాకు శిక్షణలో నూరిపోశారు. కార్డు చూశాను. పుట్టిన తేదీ 1 జనవరి 1960.

ఆ ఊళ్లో అప్పటికి నేను చూసిన పెద్దవాళ్ల కార్డుల్లో చాలావాటిమీద జనవరి ఒకటే. ఏటా ఆ ఒక్కరోజు ఆ ఊరి మంత్రసాని ఎన్ని ఇళ్లకు పరుగెత్తిందో, మిగతా 364 రోజులూ ఏం చేసుకుని బతికిందో! (మా నాన్న తరంవాళ్లు జూన్ నెలలో పుట్టారు. బడిలో చేర్చుకున్న మాస్టారు ఒంటి కొలతలు చూసి ఇచ్చిన పుట్టినరోజులవి. మా నాన్న ఒక మాస్టారి చేతిరాత ప్రకారం ఏడాదిన్నర ముందే రిటైరయ్యారు.)

కాబట్టి సంచిలోంచి స్థానిక ఘటనల పట్టిక తీశాను. తేదీలు గుర్తులేని చోట సంఘటనలు గుర్తుంటాయని, వాటిని పట్టుకుని వయసు లాగాలని పద్ధతి. దివిసీమలో మొదటి ప్రశ్న వెతుక్కోనక్కర్లేదు.

"మామ్మగారూ, ఉప్పెన వచ్చినప్పటికి మీ పెద్దబ్బాయి ఎంతవాడు?"

"నడుస్తున్నాడు."

"అంటే ఎన్నేళ్లు?"

"నడుస్తున్నాడంటే నడుస్తున్నాడు, అంతే."

1977 నవంబరు 19. సరే. పెళ్లెప్పుడు? జై ఆంధ్రా గొడవల్లో. బస్సులు కట్టేస్తే కాలువలో పడవ మీద అత్తారింటికి వచ్చారట. అంటే 1972 చివరో, 1973 మొదలో. పెద్దమనిషయిన మూడో ఏట పెళ్లి. పెద్దమనిషి అయినది పదమూడో ఏటో, పద్నాలుగో ఏటో. ఇంతలో పక్కింటావిడ వచ్చి ఆమె తనకన్నా రెండేళ్లు పెద్దదంది. "నువ్వే పెద్ద" అన్నారు మామ్మగారు. ఆ విషయం మీద ఇరవై నిమిషాలు. ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం నాటికి ఎవరి ఒళ్లో ఎవరున్నారన్నది ఇంకో ఇరవై నిమిషాలు. కోడలు టీ ఇచ్చింది. చిక్కుడుకాయలు అయిపోయాయి, నేనూ కొన్ని ఒలిచాను. 1957కూ 1959కీ మధ్య ఇరుక్కుపోయాం.

చివరికి పొరుగూళ్లో ఉన్న వాళ్ల పెద్దన్నయ్యకు ఫోను చేశారు. ఆయన ఒక్కమాట తడుముకోలేదు. "హేవిళంబి. శ్రావణమాసం. వరలక్ష్మీవ్రతం ముందురోజు." గడి గారూ, ఆ క్షణం నా ఒళ్లు పులకరించింది. హేవిళంబి అంటే 1957, లేదా అరవై ఏళ్ల తర్వాత మళ్లీ వచ్చిన 2017. రెండో అవకాశాన్ని కూడా శాస్త్రీయంగా పరిశీలించి తిరస్కరించాను. 1957 శ్రావణం నుంచి 2025 డిసెంబరుకు 68 నిండి, 69 నడుస్తోంది. రాశాను. గుండ్రంగా, అందంగా రాశాను.

చైనాలో పుట్టిన ఏడాదిని జంతువు పేరుతో గుర్తుపెట్టుకుంటారు కనుక అక్కడ వయసుల లెక్క చాలా కాలంగా నికరంగా ఉందని మాకు పాఠం చెప్పారు. అది విని అబ్బురపడి నోట్సులో రాసుకున్నాను. మనకు పన్నెండు కాదు, అరవై పేర్లున్నాయి. ఉగాది పూట పంచాంగశ్రవణంలో ఒకటి విని, పచ్చడితోపాటు మింగేసి, మర్నాటికి మరిచిపోతాం.

అసలు తమ నెత్తిన ఉన్న "నిండిన" అన్న మాట ఎవరికి అర్థమవుతుందనుకున్నారు? తెలుగులో వయసు నిండుతుంది, నడుస్తుంది, వస్తుంది, పడుతుంది, దాటుతుంది. "యాభై పడ్డాయి" అంటే 49. "యాభై నిండాయి" అంటే 50. "యాభై వచ్చాయి" అంటే చెప్పినవాళ్ల ముఖం చూసి తేల్చుకోవాలి. "నలభై ఇంకా దాటలేదు" అన్నవాళ్లను రెండోసారి అడగకూడదు. ఇంత సంపద ఉన్న భాష తమ రెండంకెల చోటు ముందు నోరు కట్టుకుని సున్నా, అయిదు, సున్నా, అయిదు అని వల్లిస్తుంది.

ఆ సున్నా అయిదుల పిచ్చిని కొలవడానికి విపుల్ అనే అమెరికా పారిశుద్ధ్య ఇంజనీరు పేరుతో ఒక సూచిక ఉంది. 23 నుంచి 62 ఏళ్లవాళ్లలో సున్నాతోనో అయిదుతోనో ముగిసే వయసులవాళ్లు ఎంతమందో చూసి, ఆ సంఖ్యను అయిదుతో హెచ్చించి, మొత్తంతో భాగించి, వందతో గుణించడం. 100 వస్తే ఊరు సత్యహరిశ్చంద్రుడు. 500 వస్తే అందరూ గుండ్రటి మనుషులే. 175 దాటితే లెక్కలు బొత్తిగా పనికిరానివని ఐక్యరాజ్యసమితి కొలబద్ద. మా బృందానికి 200 దాటింది. మా ఆచార్యులు నోరెత్తలేదు, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఆ రాత్రి హాస్టల్లో లెక్క వేస్తుండగా నాకు తట్టింది. ఆ సూచిక 62 దగ్గర ఆగిపోతుంది. మామ్మగారు అందులో లేనే లేరు. 65 రాసినా 68 రాసినా దానికి ఒకటే. పోనీ, ఏ వయసువాళ్లు ఎందరో మెట్లుగా పేర్చి చూపే జనాభా పిరమిడ్‌లోనైనా నా 68 కనబడుతుందనుకున్నాను. పిరమిడ్ అయిదేసి ఏళ్ల గుంపులతో కడతారు. 60–64, 65–69, 70–74. మామ్మగారు చెప్పిన 65 ఏ మెట్టు మీద ఉందో, నేను సాధించిన 68 కూడా అదే మెట్టు మీద ఉంది. గడి గారూ, ఒక్క మాట అడుగుతాను. చివరికి అయిదేళ్ల సంచుల్లో కుమ్మరించేదానికి ఒక్కో ఏడూ ఏరుకొచ్చే ఈ పని ఎందుకు పెట్టారు? కుమ్మరించే ముందు ఒక్కో ఏడూ విడిగా ఏరితేనే ఏ సంచి చిల్లుదో కనబడుతుందని మా పుస్తకం జవాబు. ఆ జవాబు నాకు పరీక్షలో వస్తుంది. ఆ ఆదివారం తిరిగి రాదు.

తమ ఇరుగుపొరుగుల మీదా ఫిర్యాదులున్నాయి, చప్పున చెప్పేస్తాను. "కుటుంబం అంటే ఒకే వంటింట్లో తినేవాళ్లు" అన్న నిర్వచనం చదివి వినిపించి ఒక ఇంట్లో అత్తాకోడళ్ల కొత్త గ్యాసుపొయ్యి తగవుకు నేనే సాక్షినయ్యాను. "ప్రధాన వృత్తి" గడిలో, తెల్లవారకముందే రెండు గేదెలు పితికి, పాలు పోసి, వరి కోతకు కూలికి వెళ్లొచ్చిన ఆవిడ గురించి భర్తగారు "ఏమీ చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది" అన్నారు. చీటీ తీసినట్టు ఇళ్లను ఎంచే యాదృచ్ఛిక నమూనా నాకు మూడుసార్లు అదే తాళం వేసిన ఇల్లు చూపించింది, పక్కింటికి వెళ్తానంటే నిబంధన ఒప్పుకోదట. ఇక తమ పెద్దన్నగారు, జనగణనవారు, 2011 తర్వాత కంటికి కనబడలేదు. 2021లో రావలసినవారు 2027 మార్చి 1 అంటున్నారు. 2014లో రెండయిన మన రాష్ట్రాలు ఇప్పటిదాకా తమ పేరుతో ఒక్కసారి కూడా జనగణన లెక్కకు నిలబడలేదు. అయినా తలసరి ఇది, తలసరి అది అని రోజూ భాగహారాలు చేస్తూనే ఉన్నాం. తలలెన్నో తెలియదు, సరి మాత్రం చూసుకుంటున్నాం.

ఇక మర్యాద ఇక్కడితో చాలు. ఒకటి సూటిగా అడుగుతాను.

మా షెడ్యూల్లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీ ఉంటే విడిగా పన్నెండు పేజీలు నింపాలి. ఎన్ని కాన్పులు, ఎంతమంది పిల్లలు బతికారు, ఎంతమంది పోయారు, ఆసుపత్రా ఇల్లా, అన్నీ. 50 అయితే ఆ పన్నెండు పేజీలూ ఉండవు. అయిదేళ్లలోపు బిడ్డ ఉంటే టీకాల పేజీలు, అయిదు నిండితే అవీ ఉండవు. సాయంత్రం ఆరింటికి, దోమల్లో, చివరి బస్సు దగ్గర పడుతుండగా, "నలభై ఎనిమిదో, యాభయ్యో" అన్న ఆవిడకు మా బృందంలో ఎవరు ఏం రాశారో అడగకండి. పిరమిడ్ చెప్పింది. 45–49 దగ్గర గుంట, 50–54 దగ్గర గుట్ట. గుంట తవ్వినవాళ్లే గుట్ట పోశారు. ఇది మా ఒక్కరి ఘనత కాదు. ఇలాంటి సర్వేలు జరిగిన చాలా దేశాల్లో వయసును ఇలా పక్కకు జరపడం తెలిసినదే, దాన్ని పట్టడానికి వేరే పరీక్షలే ఉన్నాయి. ఆ గుట్టలోకి జరిగిన ఆడవాళ్ల పోయిన పిల్లలు ఏ లెక్కలోకీ రారు. ఆ ఊరి శిశుమరణాలు అంతమేరకు తగ్గి, పట్టికలో చక్కగా కనిపిస్తాయి. నేనూ ఒకరికి రాశాను. 31వ ఇల్లు. దానికి నాకు మార్కులు తగ్గలేదు.

68కి తగ్గాయి.

తమరి వల్ల మనుషులకు ఏమీ కాదనుకుంటారేమో. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను వయసును 2019లో 65 నుంచి 60కి తగ్గించారు. ఆ ఏడు శ్రావణానికి మామ్మగారికి 62 నిండాయి, కార్డుకు మాత్రం 59. కార్డుకు అరవై నిండేదాకా ఆమె ఆగారు. "కార్డు నాకన్నా చిన్నది కదమ్మాయ్, అది పెద్దవ్వద్దూ" అన్నారు నవ్వుతూ. ఆ మాట రాయడానికి తమలో చోటు లేదు.

ఇంకో మాటకూ చోటు లేదు. ఫోను పెట్టేసి 68 రాసుకున్నాక, ఆమె నా పెన్ను వైపే చూస్తూ, "అయితే ఉప్పెన నాటికి నాకెన్నేళ్లే?" అని అడిగారు. లెక్క చెప్పాను. ఇరవై.

"ఇరవయ్యేనా?" అన్నారు. ఒలిచిన చిక్కుడుకాయల పళ్లెం ఒళ్లోంచి దించి పక్కన పెట్టారు. "అప్పటికే ముసలిదాన్నయిపోయాననుకున్నానే."

కోడలు ఏదో అనబోయి ఊరుకుంది. నేను తర్వాతి ప్రశ్న, తాగునీటి వనరు, అడగలేదు. ఇంటి ముందు కుళాయి కనబడుతూనే ఉంది, రాసుకున్నాను.

నిన్న ఎర్ర సిరా చూశాక కోపం పట్టలేక ఆ ఇంటికి ఫోను చేశాను. కోడలు ఆమెకిచ్చింది. "మామ్మగారూ, అరవై ఎనిమిదని తేల్చాం కదా. తనిఖీకి వచ్చిన అబ్బాయికి అరవై అయిదని ఎందుకు చెప్పారు?"

"ఆ అబ్బాయి కార్డు అడిగాడు, ఇచ్చాను. నువ్వు లెక్కగట్టింది నాకు కదే. వాడికెందుకు చెబుతాను?"

కాబట్టి గడి గారూ, నా రెండు మార్కులు తమరే ఉంచుకోండి.

ఇట్లు,
మొదటి సంవత్సరం జనాభా అధ్యయనం విద్యార్థిని.
వయసు: 22 నడుస్తోంది. తమరికి కావలసినట్టు 21 రాసుకోండి.