శాసనాల్లో మహారాజు, నవలల్లో మారువేషం

ఫసలీ 1329లో, అంటే క్రీ.శ. 1919లో, నిజాం రాజ్యంలో ఒక చట్టం వచ్చింది. హైదరాబాద్ నగరంలో నివసించే అనుమానిత హిజ్రాల పేర్లను, చిరునామాలను రిజిస్టరులో ఎక్కించాలని అది ఆదేశించింది. అలా పేరెక్కినవారు ఆడవేషంలోనో నగలు పెట్టుకునో వీధిలో కనిపించినా, నలుగురిలో ఆడినా పాడినా, వారంటు లేకుండా పట్టుకుని రెండేళ్ల వరకు జైలులో ఉంచవచ్చని చెప్పింది. తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది 2023 జులైలో. నూరేళ్లు దాటిన ఆ చట్టం చదివినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది: వీధిలో ఆడిపాడడాన్ని నేరంగా ప్రకటించవలసి వచ్చిందంటే, అంతకు ముందు ఆ మనుషులు ఈ నగర వీధుల్లో అందరూ చూస్తుండగా ఆడారు, పాడారు. అయినా ఇదే నగరం నేపథ్యంగా వచ్చిన మన చారిత్రక కథల్లో చార్మినార్ ఉంటుంది, ముత్యాలుంటాయి, అత్తరు పరిమళం ఉంటుంది, ముషాయిరాలుంటాయి, ఆ మనుషులు మాత్రం ఉండరు.

ట్రాన్స్‌జెండర్లను మూడో లింగంగా గుర్తించిన 2014 నాటి నల్సా తీర్పు, స్వలింగ సంబంధాలు నేరం కాదన్న 2018 నాటి 377వ సెక్షన్ తీర్పు, 2023 అక్టోబరులో స్వలింగ వివాహానికి గుర్తింపు నిరాకరణ, ఇవన్నీ పాఠకులకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను. న్యాయస్థానాల్లో దశాబ్దాలుగా నలుగుతున్న ఈ విషయం తెలుగు చారిత్రక నవల గడప ఇంకా తొక్కలేదు. క్వీర్ జీవితాలు, అంటే స్త్రీ పురుష లింగభేదాల, ప్రేమల మామూలు చట్రంలో ఇమడని జీవితాలు, మన గతంలో ఉన్నాయి, వాటి ఆధారాలు తెలుగులోనే ఉన్నాయి, వాటిని చూడకుండా రాసిన చారిత్రక కల్పన చారిత్రకమన్న తన విశేషణానికే అర్హత కోల్పోతుంది. ఇదీ నా వాదన.

దీనికి వచ్చే అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోను. నేటి మాటలను నాటి మనుషులకు అంటగట్టకూడదని చరిత్రకారులు హెచ్చరిస్తారు. క్వీర్ అనే మాట గానీ దాని వెనకున్న హక్కుల పరిభాష గానీ పదమూడో శతాబ్దపు ఓరుగల్లు ఎరగదు. కాకతీయ సైనికుడి నోట ఇవాళ్టి ఊరేగింపు నినాదం పలికిస్తే అది చెడ్డ నవలే అవుతుంది. ఒప్పుకుంటాను. కానీ అదే సైనికుడి చేత జాతి గురించి, దేశభక్తి గురించి, పత్రికలూ పాఠశాలలూ వచ్చాక పుట్టిన భావాలతో పేజీలకు పేజీలు ఉపన్యాసాలు ఇప్పించినప్పుడు అది కాలదోషమని, అంటే ఆ కాలానికి చెందని భావమని, ఎవరూ తప్పు పట్టలేదు. కాలదోషం మీద నిఘా ఈ ఒక్క విషయంలోనే మేల్కొంటోందంటే, అడ్డు వస్తున్నది చారిత్రక నిష్ఠ కాదని అనుకోక తప్పదు.

రుద్రమదేవి సంగతే చూద్దాం. శాసనాలు ఆమెను రుద్రదేవ మహారాజు అంటాయి. గణపతిదేవుడు కూతురికి రుద్రుడని పేరు పెట్టుకున్నాడని విద్యానాథుని ప్రతాపరుద్రీయం చెబుతుంది. 1262 ప్రాంతంలో పాలన అందుకుని, చందుపట్ల శాసనం తెలిపే 1289 మరణం వరకు, పాతికేళ్లకు పైగా ఆమె ఏలుబడి సాగింది. పురుషనామంతో, పురుషుల బిరుదులతో రాజ్యమేలిన ఆ మనిషే చాళుక్య వీరభద్రుడి భార్య, ముమ్మడమ్మకు తల్లి. ఈ రెంటినీ ఒకే మనిషిలో చూడడానికి ఆమె సామంతులు కొందరు ఎదురుతిరిగి ఉండవచ్చు, అయినా ఆమె పేరున రాతి మీద అక్షరాలు చెక్కించినవారికి ఆ పక్కన ఎక్కడా వివరణ జోడించాలనిపించలేదు.

మన నవలలకు, నాటకాలకు, సినిమాలకు మాత్రం వివరణ కావలసి వచ్చింది. చాలావరకు అవి రుద్రదేవుడిని ఒక మారువేషంగా మార్చాయి. తండ్రి రాజకీయ అవసరం కోసం వేసిన వేషం, ఎప్పుడు బయటపడుతుందోనన్న ఉత్కంఠ, తలపాగా జారి కురులు విడివడే దృశ్యం, ఆ వెంటనే ప్రేమ, పెళ్లి, లోకం మళ్లీ సర్దుకోవడం. శాసనంలో సూటిగా, బహిరంగంగా నిలిచిన విషయం కల్పనలోకి వచ్చేసరికి రహస్యమైంది, రహస్యం కాబట్టి దానికి పరిష్కారం అవసరమైంది. ఆమె స్వలింగ ప్రేమికురాలనో, పురుషుడిగా తనను భావించుకుందనో నేను తీర్పు చెప్పడం లేదు. అలా చెప్పగలిగే ఆధారం ఎవరి దగ్గరా లేదు. కానీ నవలాకారుడి పని మొదలయ్యేదే ఆధారం ఆగిన చోట. రోజూ తెల్లవారి కొలువులోకి అడుగుపెట్టగానే వందమంది నోట మహారాజా అన్న పిలుపు వినడం ఆమెకు బరువయిందా, ఊరటయిందా? అంతఃపురంలోకి తిరిగి వచ్చి కవచం విప్పినప్పుడు ఏదో కోల్పోయినట్టు అనిపించిందా? ఎనిమిది వందల ఏళ్ల తెలుగు చరిత్రలో మానవ మనస్సును గురించి ఇంతకంటే లోతైన ప్రశ్న వేసే అవకాశం మరొకటి నాకు కనిపించదు. దాన్ని కత్తియుద్ధాల మధ్య వదిలేశాం.

రుద్రమ మనవడి కాలానికి వస్తే, 1310లో ఓరుగల్లు మట్టికోట ముందు విడిది చేసిన ఢిల్లీ సుల్తాను సేనాని, నపుంసకుడైన మాలిక్ కాఫూర్ ఉన్నాడు. 1299 గుజరాత్ దండయాత్రలో ఖంబాత్‌లో పట్టుబడిన బానిస. వేయి దీనారాలకు కొన్నవాడని హజార్ దీనారీ అని పేరు. అల్లావుద్దీన్ ఖిల్జీకి అతడిపై ఉన్న మమకారాన్ని పద్నాలుగో శతాబ్దపు ఢిల్లీ చరిత్రకారుడు బరనీ తీవ్రమైన ఏవగింపుతో రాశాడు, అయితే బరనీ రాసింది దశాబ్దాల తర్వాత, అదీ కింది నుంచి పైకి వచ్చిన ఎవరినీ సహించని మనసుతో, కాబట్టి ఆ మాటలను వడగట్టే తీసుకోవాలి. కాఫూర్ సేనలు తెలుగు నేల మీద చేసిన విధ్వంసాన్ని రవ్వంత కూడా తగ్గించి చెప్పమని నేను కోరను. నాకు అభ్యంతరం ఉన్నది అతడి క్రూరత్వానికి మన కథలు చూపే కారణం విషయంలో. మిగతా సేనానుల క్రూరత్వానికి రాజ్యకాంక్ష, ధనకాంక్ష చాలినప్పుడు, ఇతడి ఒక్కడి క్రూరత్వానికి నపుంసకత్వం కారణమయింది. బాల్యంలోనో యవ్వనంలోనో శరీరం మీద జరిగిన హింస, బజారులో కట్టిన వెల, తనను కొన్నవారి సేనకే నాయకుడైన వైపరీత్యం, 1316లో సుల్తాను పోయిన కొద్ది వారాలకే కత్తికి బలైన అంతం, ఇన్ని ఉన్న మనిషిని చేతులు తిప్పుతూ మాట్లాడే ప్రతినాయకుడిగా కుదించడం మన కల్పనా శక్తికే అవమానం.

ఈ సందర్భంలో ఒక మాట గురించి చెప్పకుండా ఉండలేను. పారసీకంలో ఖ్వాజా అంటే పెద్ద, ప్రభువు. అంతఃపుర బాధ్యతలు చూసే నపుంసక అధికారులను ఖ్వాజాసరా అనేవారు. ఆ గౌరవవాచకమే హిందుస్తానీలో ఖోజా అయి, తెలుగులోకి వచ్చి కొజ్జా అనే తిట్టయింది. బడి పిల్లల నోట ఇప్పటికీ వినిపించే ఆ మాట వెనక కొలువు తీరిన మనుషుల మొత్తం చరిత్ర కూరుకుపోయి ఉంది, ఒక మంచి చారిత్రక నవల తప్ప దాన్ని పైకి తీయగల సాధనం లేదు.

ఫాంటసీ విషయానికి వస్తే నా వాదన మరింత సులువు అవుతుంది, ఎందుకంటే మన భాషలో తొలి మహా కల్పనాకథ అనదగిన పదహారో శతాబ్దపు కళాపూర్ణోదయంలో పింగళి సూరన ఈ పని ఎప్పుడో చేసి చూపించాడు. అందులో సుముఖాసత్తి అనే స్త్రీ పురుషుడవుతుంది, మణిస్తంభుడనే పురుషుడు స్త్రీ అవుతాడు, వారికి పుట్టిన బిడ్డే కథానాయకుడు కళాపూర్ణుడు. అంటే ఆ కావ్య నాయకుడి తల్లి ఒకప్పటి పురుషుడు, తండ్రి ఒకప్పటి స్త్రీ. సూరన దీన్ని నవ్వు కోసమో శిక్షగానో పెట్టలేదు. కథ మొత్తం ఆ ముడి మీదే నిలబడి ఉంటుంది, అది తీసేస్తే కావ్యం పేరుకే అర్థం ఉండదు. ఇప్పుడు ఫోను యాప్‌లలో రోజుకో భాగం చొప్పున మాయాలోకాల సీరియళ్లు రాస్తున్న యువ రచయితలు చాలామంది తమ లోకాలను విదేశీ కథల నమూనాలో కట్టుకుంటూ, క్వీర్ పాత్ర పెట్టాలంటే అది కూడా అక్కడి నుంచే తెచ్చుకోవాలనుకుంటున్నారు. పెట్టకూడదనేవారు కూడా అది పరాయిదనే అంటున్నారు. ఇద్దరూ సూరనను చదవలేదు.

సూరన ఒక్కడే కాదు. వానలు కురవకపోతే విరాటపర్వం చదివించిన ఊళ్లు మనవి. ఆ పర్వంలో అర్జునుడు ఏడాదిపాటు పేడి రూపంలో బృహన్నలగా ఉత్తరకు నాట్యం నేర్పాడు. కోనసీమలోని ర్యాలిలో మూలమూర్తి ముందువైపు కేశవుడు, వెనుకవైపు జగన్మోహిని, ఒకే రాయి. సత్యభామగా రంగస్థలాన్ని ఏలిన స్థానం నరసింహారావుకు 1956లో, వేదాంతం సత్యనారాయణ శర్మకు 1970లో పద్మశ్రీ ఇచ్చి సత్కరించుకున్నాం. స్త్రీవేషం వేసిన నటులందరినీ క్వీర్ అనడం తప్పు, అన్యాయం కూడా. అయితే ఒక దేహంలో రెండు స్వభావాలను ఆరాధనతో చూడగల ప్రేక్షకుడు ఇక్కడ తరతరాలుగా ఉన్నాడని అవి నిరూపిస్తాయి. తెలుగు పాఠకుడు ఒప్పుకోడన్న ప్రచురణకర్తల జంకుకు ఇంతకంటే జవాబు అవసరం లేదు.

మరి చూపు ఎక్కడ మారింది? పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనానికి జరిగింది గుర్తు చేసుకుంటే చాలు. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి పాఠాన్ని అచ్చు వేయించగా, 1911లో ఆంగ్లేయ ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. 1947 దాకా ఆ నిషేధం తొలగలేదు. అది స్త్రీ పురుషుల శృంగార కావ్యమే, అయినా ఒక స్త్రీ తన కోరికను తన గొంతుతో చెప్పడమే నేరమైంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో పుట్టిన ఆధునిక తెలుగు నవల పెరిగి పెద్దదయింది ఆ దశాబ్దాల్లోనే. పైన చెప్పిన హైదరాబాదు చట్టం కూడా 1871 నాటి బ్రిటిష్ చట్టం అడుగుజాడల్లో వచ్చినదే. ఆ సిగ్గును మనం సంప్రదాయం అనుకుని నవలలోకి మోసుకొచ్చాం.

ఇక్కడే నన్ను చాలా ఏళ్లుగా వేధిస్తున్న మరో పెద్ద లోటు ఎదురవుతుంది. హైదరాబాదు గతంలో సగానికి పైగా పారసీకంలో, ఉర్దూలో, దక్కనీలో ఉంది. హైదరాబాదు మీద తెలుగులో నవలలు రాసేవారిలో ఎక్కువమంది ఆ లిపిని చదవలేరు. పదిహేడో శతాబ్దపు బీజాపూర్ కవి హాష్మీ దక్కనీలో స్త్రీ గొంతుతో, స్త్రీల పలుకుబడిలో గజళ్లు రాశాడు. రేఖ్తీ అని తర్వాత పేరుపడి లక్నోలో వికసించిన ఆ కవిత్వంలో స్త్రీల మధ్య ప్రేమ కూడా చోటు చేసుకుంది. దాని మూలాలు మన దక్కనులో ఉంటే, తెలుగు సాహిత్య విద్యార్థికి హాష్మీ పేరు కూడా వినిపించదు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొగలుల కాలం నుంచి నిజాముల దాకా పోగుపడిన పత్రాలలో అత్యధిక భాగం పారసీక, ఉర్దూలలోనే ఉన్నాయి. జమా ఖర్చులు, జీతాలు, ఫిర్యాదులు, హుకుములు: చారిత్రక నవలకు కావలసిన ముడిసరుకంతా అదే. అది చదవకుండా రాసే హైదరాబాదు నవలలో పర్యాటకుడికి కనిపించేవే ఉంటాయి.

ఆ లిపి తెలిసిన తెలుగు చరిత్రకారుడు ఒకప్పుడు ఈ నగరంలో ఉండేవాడు. సురవరం ప్రతాపరెడ్డి 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాస్తూ, రాజుల వంశావళులను పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలు ఆడారు అని కావ్యాలను జల్లెడ పట్టాడు. తెలుగుకు తొలి సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో తెచ్చిపెట్టిన ఆ పద్ధతి ఇవాళ చారిత్రక నవలకు మళ్లీ కావాలి, అందులో ఆయన వేయని ఈ ప్రశ్నను కూడా చేర్చుకోవాలి. ఆయన పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయం ఏటా కొందరు యువ రచయితలకు ఉర్దూ, పారసీకం నేర్పించి, తార్నాకలో ఏడాదిపాటు కూర్చోబెట్టి చదివించవచ్చు. మొదటి జట్టు వెతకవలసినవి ఫసలీ 1329 చట్టం వెనక నడిచిన కాగితాలు: ఆ రిజిస్టరు కావాలని అడిగింది ఎవరు, అందులో మొదట ఎక్కిన పేరు ఎవరిది, ఆ మనిషి ఏ వీధిలో ఏ పాట పాడుతూ పట్టుబడ్డారు.