ముందు మీ క్యాబిన్ లైటు ఆపండి సార్

మా ఆఫీసులో ప్రతి స్విచ్ పక్కనా "కరెంటు ఆదా చేయండి" అని స్టిక్కర్ ఉంటుంది. వాటిని అంటించమన్న మా సార్ క్యాబిన్‌లో మాత్రం, ఆయన మీటింగుకి వెళ్లి రెండు గంటలైనా ఏసీ 18లోనే నడుస్తుంటుంది, లైట్లన్నీ వెలుగుతుంటాయి, అద్దం తలుపు మీద చెమ్మ పట్టి నీళ్లు కారుతుంటాయి, అటుగా వెళ్లే ప్రతి ఒక్కరూ అది చూస్తూనే వెళ్తారు. ఇక ఎవరికి ఆపాలనిపిస్తుంది?

నాకు నిజంగా బాధేసింది ఎప్పుడంటే, కొత్తగా చేరిన అమ్మాయి మొదటి నెలంతా కాగితానికి రెండువైపులా ప్రింట్ తీసేది, ఇంటినుంచి స్టీలు గ్లాసు తెచ్చుకునేది. మొన్న చూస్తే ఆమె చేతిలోనూ పేపర్ కప్పే. ఏమైందమ్మా అంటే "సారే 40 పేజీల రిపోర్టు ఒకవైపే ప్రింట్ తీయమన్నారండీ, ఇంక నేనొక్కదాన్నే ఎందుకు" అంది. నాకేం చెప్పాలో తోచలేదు.

1961లో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా బొమ్మతో చేసిన ప్రయోగంలో, పెద్దవాళ్లు దాన్ని కొట్టడం చూసిన పిల్లలు తామూ కొట్టారు. ఉద్యోగంలో చేరగానే పైవాళ్లని చూసి చేసే ఆ అలవాటు పోతుందా? పర్యావరణ నిర్వహణకి ఉన్న ఐఎస్ఓ 14001 ప్రమాణం 2015 సవరణలో నాయకత్వానికి విడిగా ఒక విభాగమే పెట్టి, నిబద్ధత పైవాళ్లే చూపించాలని చెప్పింది.

పోస్టర్లు వద్దు సార్. క్యాబిన్ నుంచి బయటికొచ్చేటప్పుడు మీ చేత్తో మీరే ఆ ఏసీ ఆపండి, మేమంతా చూస్తూనే ఉంటాం.